కంచె దాటని మందు

పొలం గేటు దగ్గర కారాపి భానుశ్రీ మొదట చేసిన పని బూట్లు కడుక్కోవడం. ఒక పొలం మట్టీ గింజా మరో పొలంలోకి పోకూడదని వ్యవసాయ శాఖవాళ్ల నియమం. చిన్న బకెట్టులో మందునీళ్లు పోసుకుని బ్రష్షుతో మడమల దాకా రుద్దుకుంటూ ఉంటే, ఎవరో తననే చూస్తున్నట్టనిపించి తలెత్తింది. గేటు లోపల ఒక ముసలాయన, ఆయన కాళ్ల దగ్గర ఒక ముసలి కుక్క. ఇద్దరూ ఎండలో నిలబడి, ఏ మాత్రం మొహమాటం లేకుండా ఆమె బూట్ల వంకే చూస్తున్నారు.

“ఎడమ బూటు ఎనకమాల ఇంకా ఉందమ్మా మట్టి,” అన్నాడు ముసలాయన, అచ్చ తెలుగులో. “మావాడు చెప్పాడులే, వచ్చే ఇనస్పెక్టరు మన పిల్లేనని. నేను భీమయ్యని, వాడి నాయన్ని. ఇది మాగమ్మ.”

మాగమ్మ అసలు పేరు మ్యాగీ. పదమూడేళ్ల కెల్పీ జాతి కుక్క. కొత్త మనిషికి మర్యాద చేద్దామని లేవబోయింది గానీ వెనక కాళ్లు రెండుసార్లు మొరాయించి మూడోసారికి ఒప్పుకున్నాయి.

భానుశ్రీ రాష్ట్ర వ్యవసాయ శాఖలో హెంప్ పంటల ఇన్‌స్పెక్టరు. ఒంటరిగా తనిఖీకి రావడం ఇది మూడోసారి. లైసెన్సు మీద రామ్మోహన్ అనే పేరు చూడగానే పై అధికారి హెలెన్ దగ్గరికి వెళ్లి, వీళ్లూ మా భాషవాళ్లే, ఇంకెవరినైనా పంపితే మంచిదేమో అంది. “ఆ లెక్కన ఈ రాష్ట్రంలో సగం పొలాలకి నేను వెళ్లకూడదు,” అని హెలెన్ నవ్వి పంపేసింది. అయినా అడిలైడ్ నుంచి టూ వెల్స్ దాకా నలభై నిమిషాలూ భానుశ్రీ తనకు తాను చెప్పుకుంటూనే వచ్చింది: టీ ఇస్తారు, తాగకూడదు, ఊరూ పేరూ అడుగుతారు, సాగదీయకూడదు. గేటు దాటి పది నిమిషాలు కాకముందే ఆమెది జమ్మికుంట అనీ, నాన్నది పత్తి వ్యవసాయమనీ, అన్నకింకా పెళ్లి కాలేదనీ ముసలాయన రాబట్టేశాడు.

“పత్తి తెలుసంటే సగం తెలిసినట్టే. మాది కొండపి పక్కన. పొగాకు,” అన్నాడాయన, మిగతా సగం తనదన్నట్టు.

రామ్మోహన్ షెడ్డు దగ్గర నుంచి పెద్ద టోపీతో గబగబా వచ్చాడు. యాభై ఐదేళ్ల మనిషి. మాసన్ లేక్స్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మిగిలిన టైమంతా ఈ పొలం. తెలుగువాళ్ల బార్బెక్యూ విందుల్లో ఆయన్ని ‘గంజాయి రామ్మోహన్’ అని ఏడిపిస్తారని భానుశ్రీ విని ఉంది. ఆ వేళాకోళంలో కొంత నిజం లేకపోలేదు. ఈ మొక్క గంజాయికి చెల్లెలే. మత్తు మాత్రం ఎక్కించదు, ఎక్కించకూడదు. ఎక్కిస్తుందో లేదో తేల్చడానికే శాఖవాళ్లు భానుశ్రీకి జీతమిచ్చేది.

“హాఫ్ డే లీవ్ పెట్టానమ్మా,” అన్నాడు రామ్మోహన్. “ఎక్కడి నుంచి స్టార్ట్ చేస్తావు?”

“లోపలి నుంచి అంకుల్. అంచు మొక్కలు లెక్కకు రావు.”

ఇరవై ఎకరాల పైరు భుజాల ఎత్తుకు లేచి, పూతలో గింజ కట్టి, ఘాటుగా వాసనేస్తోంది. భానుశ్రీ పొలానికి ఏటవాలుగా నడుస్తూ పాతిక అడుగులకో మొక్క దగ్గర ఆగి, కొలకర్ర ఆనించి, పైన ముప్పై సెంటీమీటర్లు కత్తిరించి కాగితపు సంచిలో వేసింది. ప్లాస్టిక్ సంచి అయితే చెమ్మపట్టి కుళ్లిపోతుంది. ప్రతి సంచి మీదా తేదీ, వరస, సంతకం. అలా యాభై తలలు కోయాలి. ఫిబ్రవరి ఎండ నడినెత్తి మీద ఉంది. పువ్వుల జిగురుకి చేతి తొడుగులు వేలికీ వేలికీ అంటుకుపోతున్నాయి. వెనకాలే వస్తున్న భీమయ్య సంచి అందుకోబోయాడు.

“ముట్టుకోవద్దు తాతా. ఇవి నేనే మొయ్యాలె.”

“మొయ్యి, మొయ్యి. నీడన్నా పట్టనిస్తారా మీ గవర్నమెంటోళ్లు?” అని ఆయన తన గొడుగు తెరిచి సంచుల మీద పట్టాడు. ముప్పయ్యో మొక్క నుంచి యాభయ్యో మొక్క దాకా అలాగే పట్టుకు నడిచాడు. ఆయన నెత్తి మాత్రం ఎండలోనే ఉంది.

మాగమ్మ రెండు వరసలు వెంట వచ్చి ఇక నావల్ల కాదని కూలబడింది. కూర్చున్నప్పుడు గొంతులో సన్నగా ఒక మూలుగు. భీమయ్య ఆగాడు, కుక్క వంక చూశాడు, మళ్లీ నడిచాడు.

“స్పైన్ పోయింది దానికి,” అన్నాడు రామ్మోహన్. “పెయిన్ టాబ్లెట్స్ వేస్తే కిడ్నీలు దెబ్బతిన్నాయి, ఆపేశారు. ఈ పువ్వులోంచే తీసే సీబీడీ ఆయిల్ పనిచేస్తుందని అందరూ అంటారు. మా వెట్ డాక్టర్‌ని అడిగితే, జంతువులకని రిజిస్టరైన మందే లేదు, నాకెందుకొచ్చిన గొడవ, నేను రాయనన్నాడు. పెట్ షాపులో హెంప్ ఆయిలని అమ్మేది ఉత్త గింజ నూనె. అందులో ఆ మందు ఉండదు. నాకు నిద్ర పట్టట్లేదని ఫోన్‌లో చెబితే పది నిమిషాల్లో డాక్టర్ నాకు రాసిస్తాడమ్మా! నా పేరున తెప్పించి దీనికి పోద్దామన్నాను. నాన్న పడనియ్యలేదు.”

“లేని రోగం ఉందని రాయించుకుంటాడంట,” అన్నాడు భీమయ్య వెనక నుంచి.

“ఇరవై ఎకరాల్లో ఉందది, చూడు,” రామ్మోహన్ చెయ్యి చాచి పైరంతా చూపించాడు. “నా లైసెన్స్‌కి గింజ అమ్ముకోవచ్చు, నార అమ్ముకోవచ్చు. పువ్వూ ఆకూ మాత్రం కోత అయ్యాక మట్టిలో కలిపి దున్నెయ్యాలి. కంచె దాటకూడదు.”

పువ్వు నుంచి మందు తీయాలంటే రాష్ట్రం ఇచ్చే ఈ లైసెన్సు చాలదు. కేంద్రం నుంచి వేరే లైసెన్సు, వేరే కాపలా, వేరే గోడలు కావాలి. భానుశ్రీకి ఇదంతా కంఠతా వచ్చు. కంఠతా వచ్చినదంతా ఆ కుక్క ముందు చెప్పబుద్ధి కాలేదు. “రూల్ అంకుల్,” అంది. ఆ మాట తనకే చప్పగా వినిపించింది.

యాభై సంచులకూ సీలు వేశాక, చివరగా కంచె పొడుగునా ఒక చుట్టు తిరగాలి. విత్తనాల షెడ్డు పక్క మూలకు వచ్చేసరికి భానుశ్రీ నడక ఆగిపోయింది. అక్కడ రెండు వరసల మొక్కలకు తలలు లేవు. అన్నీ ఒకే ఎత్తులో పోయాయి. కత్తి గాటు కాదు, బొటనవేలి గోటితో తుంచినట్టుంది. తుంచిన చోట గోధుమ రంగుకు తిరిగి ఎండిపోయింది, అంటే పది రోజుల మాట. కంగారూలు ఇంత పద్ధతిగా మేయవు. ఆమె జేబులోంచి లెక్కమర తీసి మొక్కకొక నొక్కు నొక్కుతూ రెండు వరసలూ నడిచింది. నూట ముప్పై రెండు. ఫోటోలు తీసుకుంది.

రామ్మోహన్ మొహం పాలిపోయింది. అది చూడగానే, ఆయనకిది ఇంతకుముందే తెలుసని భానుశ్రీకి అర్థమైంది.

“ఎవరు తుంచిన్రు అంకుల్?”

భీమయ్య దూరంగా కుళాయి దగ్గర కుక్కకు నీళ్లు పడుతున్నాడు. రామ్మోహన్ గొంతు తగ్గించాడు. “నాన్న. పొగాకు మనిషి కదా. పూత రాగానే తల తుంచడం యాభై ఏళ్ల అలవాటు. ఇదీ అలాంటి పంటేననుకుని... ఆయనకేం తెలుసమ్మా? వారంలో కోత. నువ్వు వేరేలా రాస్తే ఈ ఏడాది పంట పోతుంది, లైసెన్స్ పోతుంది. ఉన్నదంతా ఇందులోనే పెట్టాను.”

భానుశ్రీ బరువు దిగినట్టు ఊపిరి వదిలింది. పొగాకుకు తల తుంచుతారని ఆమె కాలేజీలో చదువుకుంది. ముసలాయన అలవాటు, ఎవరిదీ తప్పు కాదు. ఇంతకన్నా మంచి జవాబు దొరకదు. “పై ఆఫీసర్‌కు చెప్పాలె. గురువారం మల్ల వస్త,” అంది. టీ తాగకుండానే బయల్దేరింది.

మర్నాడు హెలెన్ పనిమీద ఎక్కడో దూరంలో ఉంది. ఫోన్‌లో భానుశ్రీ సంగతంతా చెబితే ఆసక్తిగా వింది. “పొగాకుకు అలా చేస్తారా? నాకు తెలీదు. సరే, ఆ పెద్దాయన చేత వాంగ్మూలం తీసుకో, నీకు ఆయన భాష వచ్చుగా. అలవాటు కొద్దీ చేసిన పొరపాటైతే హెచ్చరికతో పోతుంది. వాడుకోవడానికి తీసుకున్నారంటే అది వేరు, లైసెన్సు ఆపాల్సి రావచ్చు. నీ ఫోటోలు సోమవారం వచ్చి చూస్తాను.”

భానుశ్రీ కంప్యూటర్ ముందు కూర్చుని వాంగ్మూలం ముందుగానే టైపు చేసేసింది. నేను, భీమయ్య, వయసు డెబ్బై తొమ్మిది... నాలుగు వాక్యాలు. చదివి చూసుకుంటే చక్కగా వచ్చింది. సాక్షి నోరు తెరవకముందే సాక్ష్యం రాయడం ఏ పద్ధతో ఆ క్షణాన ఆమెకు తట్టలేదు. వాళ్లకు మేలు చేస్తున్నాననే అనుకుంది.

మధ్యాహ్నం తిండి దగ్గర, యూనివర్సిటీలో తనతో గది పంచుకున్న శ్రీదివ్యకు ఫోన్ చేసింది. శ్రీదివ్య ఇప్పుడు పశువైద్యురాలు, సాలిస్‌బరీలో ఒక క్లినిక్‌లో పనిచేస్తోంది.

“కుక్కకు సీబీడీ రాయొచ్చా నువ్వు?”

“రాయొచ్చే. నిషేధం ఏమీ లేదు. మందు కలిపి తయారుచేసే ఫార్మసీకి ప్రిస్క్రిప్షన్ పంపితే బాటిల్ వస్తుంది. కానీ రిజిస్టరైన మందు కాదు కదా, ఏదైనా అయితే బాధ్యత రాసినవాళ్లది. అందుకే చాలామంది భయపడి రాయరు. నేను ఇప్పటికి ఇద్దరికి రాశాను. కుక్కని చూడాలి, బ్లడ్ రిపోర్ట్స్ చూడాలి, అప్పుడే. ఎందుకూ, కుక్కని పెంచుతున్నావా?”

“లేదు, ఊకనే,” అంది భానుశ్రీ. తనిఖీ నడుస్తున్న పొలం వాళ్లకు డాక్టర్ నంబరు ఇవ్వడం తన పని కాదు. నంబరు మాత్రం నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకుంది.

గురువారం పొద్దున్నే వరండాలో కూర్చున్నారు ముగ్గురూ. మాగమ్మ భీమయ్య కుర్చీ కింద పడుకుని ఉంది. రామ్మోహన్ రాత్రి నిద్ర పోలేదని కళ్లే చెబుతున్నాయి. కాగితం, కలం తానే బల్ల మీద సర్దాడు. “నాన్నా, ఆ అమ్మాయి చదువుతుంది, విని కింద సంతకం పెట్టు. అంతే,” అన్నాడు.

భానుశ్రీ ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చదివింది. “నేను, భీమయ్య, వయసు డెబ్బై తొమ్మిది, పొగాకు సాగు చేసిన అలవాటు కొద్దీ, ఇది ఏ పంటో తెలియక, పొరపాటున పూత తలలు తుంచాను...”

కుక్క చెవి నిమురుతున్న భీమయ్య చెయ్యి ఆగింది.

“ఇది ఎవరు రాశారు పాపా?”

“నేనే తాతా.”

“నీకెవరు చెప్పారు?”

భానుశ్రీ చూపు రామ్మోహన్ వైపు పోయింది. ముసలాయన అప్పటికే కొడుకు వైపు తిరిగాడు.

“ఏరా, ఏ పైరో తెలియక తుంచానా నేను?”

“నాన్నా, ప్లీజ్. ముందు సంతకం పెట్టు. తర్వాత మాట్లాడుకుందాం.”

“పొగాక్కి తల తుంచేది ఆకు మందంగా రావాలని. గింజకి వదిలిన మొక్క తల ఎవడన్నా తుంచుతాడా? ఇది గింజ పైరు. నువ్వు విత్తిన రోజున పక్కనే ఉన్నా గదా. లోతెక్కువైంది, పైకి తియ్యమని చెప్పింది ఎవరు? యాభై ఏళ్లు సేద్యం చేసి, చివరికి గింజ పైరుకి తల తుంచిన ఎర్రిబాగులోణ్ణని రాసిచ్చేదా? రేపు ఇది మా కొండపిలో ఎవరన్నా చదివితే?”

“కొండపిలో ఎవరు చదువుతారు నాన్నా దీన్ని!”

“నేను చదువుతా గదరా.”

భీమయ్య భానుశ్రీ వైపు తిరిగాడు. కోపం అక్కడితో అయిపోయింది. ఇప్పుడు మామూలుగా, పొలం సంగతి చెప్పినట్టు చెప్పాడు.

“మాగమ్మ కోసం తుంచాను పాపా. ఏ పైరో తెలిసే తుంచాను. గింజ తరిగిపోద్దని కూడా తెలుసు. అట్టా రాయి.”

“పోయింది,” అన్నాడు రామ్మోహన్, చేతుల్లో మొహం పెట్టుకుని. “ఒక్క మాట నాన్నా. ఒక్క మాటకి ఊరుకోలేకపోయావు.”

నిన్న ముచ్చటపడి టైపు చేసిన కాగితం భానుశ్రీ చేతిలో ఉంది. దాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకనే, ఈ ముసలాయన మీద చెప్పలేనంత గౌరవం కలిగింది. అయినా పని పనే.

“అవి ఇప్పుడేడ ఉన్నయి తాతా?”

“ఎక్కడికి పోతాయి? రా, చూపిస్తా.”

విత్తనాల షెడ్డు కంచె లోపలే ఉంది. తలుపు తీస్తే లోపల చల్లగా, ఘాటుగా ఉంది. దూలాల మధ్య కర్రలు అడ్డంగా వేసి, కర్రలకు తలలన్నీ కట్టలు కట్టి తలకిందులుగా వేలాడదీశాడు. కట్టకీ కట్టకీ జానెడు ఎడం, గాలి ఆడటానికి. కట్టకు పది. ముడులన్నీ ఒకేలా ఉన్నాయి. పొగాకు కాల్చే బ్యారన్‌లో ఆకు ఎలా కడతారో భానుశ్రీ ఎప్పుడూ చూడలేదు గానీ, ఇలాగే కడతారని అప్పుడు అర్థమైంది.

“కంచె దాటకూడదని మావాడు గేటుకి బోర్డు కూడా కొట్టాడు. నేను దాటించలా. తుంచింది లోపలే, ఆరబెట్టింది లోపలే. మన పొలంలోది మనం ఆరబెట్టుకుంటే తప్పేందో నాకు ఇప్పటికీ తెలవదు. అయినా మీ గీత మీది. గీత దాటలేదని మాత్రం చూసుకున్నా.”

భానుశ్రీ లెక్కపెట్టింది. పదమూడు కట్టలు, విడిగా ఒకటి. మళ్లీ లెక్కపెట్టింది. “నూట ముప్పై ఒకటే ఉన్నయి తాతా. మొక్కలు నూట ముప్పై రెండు.”

“ఒకటి నేను తాగాను.”

“నాన్నా!” అన్నాడు గుమ్మంలో రామ్మోహన్.

“మరి? నోరులేని దానికి పోసే ముందు నేను తాగి చూడొద్దా? ఇక్కడే, ఈ స్టవ్ మీదే కాచుకున్నా. పరమ చేదు. కడుపులో తిప్పింది, పూటంతా మబ్బుగా పడుకున్నా. నాకు తిప్పితే తిప్పిందని చెప్పగలను. అది చెప్పలేదు గదా పాపా. ఎంత పొయ్యాలి? పందొమ్మిది కేజీలుంది, ఈ కాటా మీదే నిలబెట్టి తూచాను. పందొమ్మిది కేజీలకి ఎంతో చెప్పేవాడు ఒక్కడు లేడు. మావాడికీ తెలవదు, ఆ డాక్టరు చెప్పడు. అందుకని పొయ్యలా. ఎట్టా పొయ్యమంటావు?”

పది రోజులుగా మందు దూలానికి వేలాడుతోంది. దాని కిందే కుక్క మూలుగుతోంది. మధ్యలో ఈ మనిషి, ఎంతో తెలియదు గనుక చెయ్యి కట్టుకుని కూర్చున్నాడు. ఆ పది రోజులు ఎలా గడిచి ఉంటాయో తలుచుకుంటూ భానుశ్రీ సంచిలోంచి సీళ్లు తీసింది.

“ఇవి నేను సీలు చేసి తీసుకుపోవాలె తాతా. ఆఫీసులనే నాశనం చేస్తరు.”

“ఊఁ,” అన్నాడు భీమయ్య. తలెత్తి కట్టలన్నీ చూశాడు. “దింపేదన్నా నన్ను దింపనిస్తావా? లాగితే పొడి రాలిపోద్ది. నీ లెక్క మళ్లీ తప్పుద్ది.”

దింపనిచ్చింది. ఒక్కో కట్టా ముడి విప్పి, రెండు చేతుల్తో పట్టుకుని, ఆమె తెరిచి పట్టుకున్న సంచిలోకి మెల్లగా జార్చాడు. ఒక్క రేక కింద పడలేదు. అంతా అయ్యాక భానుశ్రీ బస్తా మీద కూర్చుని, తెల్లకాగితం మీద ఆయన మాటల్ని ఆయన చెప్పినట్టే తెలుగులో రాసి, కింద ఇంగ్లీషులో రాసింది. వృత్తి అన్న చోట ఏం రాయమంటారని అడిగితే, ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. రైతు అని రాసుకుంది. ఆయన తెలుగంతా ఒకసారి పెదవులు కదుపుతూ చదివి, చేదుగా ఉందన్న మాట రాయలేదేమని అడిగి, అది కూడా రాయించి, సంతకం పెట్టాడు.

వెళ్లేటప్పుడు రామ్మోహన్ గేటు దాకా వచ్చాడు. “నువ్వేం చెయ్యగలవులే,” అన్నాడు. తన మీద కోపమో, నిస్పృహో తెలియలేదు. భానుశ్రీ బూట్లు కడుక్కుని కారెక్కింది.

సోమవారం హెలెన్ ఫోటోలన్నీ బల్ల మీద పరిచి, పక్కన వాంగ్మూలం పెట్టుకుని, రెండుసార్లు చదివింది. భానుశ్రీ ఎదురుగా నిలబడి ఉంది.

“ఈ ఫోటోల్లో నీకేమైనా లోటు కనిపిస్తోందా?”

భానుశ్రీ వంగి చూసింది. తల లేని మొక్కలు, కింద ఎర్రమట్టి.

“అలవాటుకొద్దీ తుంచితే ఎక్కడ తుంచినవి అక్కడే పారేస్తారు కదా? నేల మీద పడి ఉండాలి. ఇక్కడ నేల శుభ్రంగా ఉంది. ఆ మొదటి కథే వాంగ్మూలంగా నా దగ్గరికి వచ్చి ఉంటే, నూట ముప్పై రెండు తలలు ఏమయ్యాయో ఎవరికీ తెలియదని నేను రాయాల్సి వచ్చేది. పోలీసులకు పంపేదాన్ని. ఆ తర్వాత ఆ లైసెన్సు నా చేతిలో ఉండేది కాదు.”

భానుశ్రీకి తను టైపు చేసిన ఆ నాలుగు చక్కటి వాక్యాలు గుర్తొచ్చాయి. వ్యవసాయంలో డిగ్రీ ఉంది, పక్కనే నిలబడి ఫోటోలు తీసింది, నేల వంక మాత్రం చూడలేదు. నమ్మాలని ఉంది కాబట్టి నమ్మింది.

“వాడుకోవడానికే తుంచాడు, లైసెన్సు ఆపొచ్చు, నిజమే; కానీ ఏదీ లైసెన్సు ఉన్న స్థలం దాటలేదు. అంతా లెక్క తేలింది. నీ శాంపిల్స్‌లో మత్తు హద్దులోనే ఉందని ల్యాబ్ కబురు పంపింది. హెచ్చరిక ఉత్తరం, షెడ్డుకు తాళం వెయ్యమని ఒక షరతు. కోత కోసుకోమను.” హెలెన్ కాగితం మళ్లీ చేతిలోకి తీసుకుంది. “ఒకటి తాగేశానని ఆయనే చెప్పాడా? ఎలుకలు కొట్టాయనొచ్చుగా?”

“ఆయనకా ఆలోచన రాలేదనుకుంటా.”

“వచ్చి ఉంటుంది,” అంది హెలెన్. “రైతు కదా. ఎలుకల సంగతి తెలియకుండా ఉండదు.”

భానుశ్రీ కబురు చెప్పినప్పుడు రామ్మోహన్ రెండుసార్లు చెప్పించుకుని, మూడోసారి ఏడ్చినంత పని చేసి, ఫోన్ తండ్రికిచ్చాడు. భీమయ్య, “కోత కోసుకోవచ్చంటనా? మంచిది,” అన్నాడు, వాన రావడం లేదని విన్నంత మామూలుగా.

“తాతా, ఫైల్ అయిపోయింది. ఇప్పుడు చెప్పేది ఇన్‌స్పెక్టర్‌గా చెప్తలేను. సాలిస్‌బరీల శ్రీదివ్య అని ఒక డాక్టరమ్మ ఉన్నది. మాగమ్మను తీస్కపోయి చూపించుండ్రి. చూసినంక రాయాల్నా వద్దా ఆమె చెప్తది.”

“పందొమ్మిది కేజీలకి ఎంతో ఆమెకి తెలుసా?” అన్నాడు భీమయ్య.

“తెలుసు తాతా.”

బుధవారం మధ్యాహ్నం భానుశ్రీ ల్యాబ్ ముందు సంచులు దింపుతుంటే ఫోన్ మోగింది. శ్రీదివ్య. గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

“మీ తాత వచ్చాడే. కుక్కని చూశాను, పాపం చాలా బాధపడుతోంది. మందు ఇవ్వొచ్చు, ఇవ్వాలి కూడా. కానీ ఈ పెద్దాయన నేనడక్కుండానే కథంతా చెప్పాడు, షెడ్డూ కట్టలూ కషాయమూ అన్నీ. విని నాకు భయం పట్టుకుంది. ఆ పొలం సరుకు ఏ కాస్తైనా దాని కడుపులోకి పోయి ఉంటే ఇప్పుడు మొదలుపెట్టకూడదు. ఆ కిడ్నీలతో అసలు కుదరదు. రెండు వారాలు ఆగి మళ్లీ టెస్టులు చేసి అప్పుడు రాయాలి.”

“ఆయన్నే అడుగరాదె?”

“మూడుసార్లు అడిగాను. తను తాగాను గానీ కుక్కకి ఒక్క చుక్క పొయ్యలేదంటున్నాడు. భానూ, నేను రోజూ చూస్తాను. పది రోజులు మందు చేతిలో పెట్టుకుని, పక్కన కుక్క ఏడుస్తుంటే పొయ్యకుండా ఉన్న మనిషిని నేనింతవరకూ చూళ్లేదు. ఈ ఒక్క ప్రశ్నకి ఎవరూ నిజం చెప్పరు. మందు ఇవ్వరేమోనని భయం వాళ్లకి. ఇది రెండు వారాలు తట్టుకునేలా కూడా లేదు. నువ్వు ఆ పొలం చూసొచ్చావు కదా. ఏం చెయ్యమంటావు?”

భానుశ్రీ చేతిలో సంచి కింద పెట్టింది.

“పొయ్యలేదని ఆయన అన్నడా?”

“అన్నాడు.”

“అయితే పొయ్యలే. రాసెయ్.”